తప్పు బులెట్‌దే

(విక్టోరియా కొండల్లో, మధ్యాహ్నం. మెల్‌బోర్న్‌లో కంటి సర్జన్ అయిన యోగానంద్ కాల్చిన సాంబార్ దుప్పి గాయంతో పారిపోయింది. ఆయనా, తోడు వచ్చిన ఆదర్శ్ దాని జాడ వెతుకుతున్నారు.)

"ఎన్నిసార్లు చెప్పాలి, తప్పు బులెట్‌దే. సీసందైతే లోపలికెళ్ళి విచ్చుకునేది. ఈ కాపర్‌ది విచ్చుకోలేదు. సూదిలా ఇటు దూరి అటు పోయింది."

"అయ్యుంటది అంకుల్. మెల్లగ దిగండి, ఆకులు జారుతున్నయి."

"సీసందే తెద్దామనుకున్నా. మీ ఆంటీ తేనిచ్చిందా? మాంసంలో సీసం పొడి ఉండిపోతుంది, పిల్లలు తినేది అని ఒకటే గోల. సరే, పిల్లల సంగతి చూశాం. మరి దుప్పి సంగతి ఎవడు చూడాలి?"

"ఇగో, ఇక్కడ నెత్తురు."

"ఏ రంగు? నురగ ఉందా?"

"నురగ లేదు. నల్లగున్నది. నమిలిన గడ్డి కలిసున్నది దాంట్ల."

"సరిగ్గా చూడు."

"చూసిన అంకుల్. పొట్టల తాకింది."

"పొట్టేంటి? భుజం వెనకే గురి పెట్టాను నేను. ఊపిరితిత్తుల మీద."

"పెట్టి ఉంటరు."

"ఉంటరు కాదు, పెట్టాను. అసలు నూటయాభై గ్రెయిన్ల బరువు బులెట్ ఇంత జంతువుకి చాలదు. తేలిక. కొమ్మో రెమ్మో తగిలితే పక్కకి పోతుంది. నూటఎనభై తేవాల్సింది."

"నడుమ కొమ్మలేం లేకుండె."

"అయితే గురి చూసే స్కోపు కదిలింది. కార్లో తుపాకి పెట్టింది నువ్వేగా? ఎస్కీ పక్కన, ఆ ఐస్ పెట్టెకి ఆనించి?"

"నేనే పెట్టిన."

"అదీ సంగతి. నిన్ను అనట్లేదులే. బులెట్ సరిగ్గా ఎంచుకోవడమే జంతువుకి మనం చేసే మర్యాద అని నీకెప్పుడూ చెప్తూనే ఉంటా. ఒక్క దెబ్బకి పోవాలి. బాధ తెలియకూడదు."

"మీరు చెప్పిందే అంకుల్. నాకు వేటంటే ఏందో కూడ తెల్వకుండె... ఆగండి. మాట్లాడకండి."

"ఏంటి?"

"వాగు కాడ. ఆ ఫెర్న్‌ల కింద పండుకున్నది."

"పోయిందా?"

"లేదు. తల లేపుతున్నది. మనల్నే చూస్తున్నది. కొట్టండి అంకుల్."

"నువ్వు కొట్టు."

"మీ దుప్పి. ఎవరు గాయం చేస్తే వాళ్ళే ముగించాలని మీరే కదా..."

"నువ్వు కొట్టమన్నాను. ఇదిగో, నా తుపాకే తీస్కో."

"దీంట్ల గదే కాపర్ బులెట్ ఉన్నది."

"ఉంటే ఉండనీ. కొట్టు, ఆదర్శ్. నేను దాన్ని చూడలేకపోతున్నా."

"చెవులు మూసుకోండి."

"మూసుకున్నా. కొట్టు."

"అయిపోయింది."

"తన్నుకుందా?"

"లేదు. అట్లనే తల వాల్చింది... అంకుల్, గదే బులెట్. గదే తుపాకి. గదే స్కోపు."

"దగ్గర్నించి కొట్టావు. దగ్గర్నించైతే ఏ బులెటైనా..."

"పొద్దుగాల మీరు చాయ్ పోసిన్రు. సగం మీ బూటు మీదనే పడ్డది."

"చలి."

"ఇప్పుడు చలి లేదు. చెయ్యి చూపెట్టండి."

"ఏముంది చూడ్డానికి? కొంచెం వణుకు. వయసు. కుడి చెయ్యొక్కటే."

"ఎప్పటి సంది?"

"పోయిన చలికాలం నుంచి. మీ ఆంటీకి కూడా తెలియదు. నువ్వెక్కడా అనకు నాన్నా. ఆపరేషన్ థియేటర్లో రాదు. అక్కడ చెయ్యి ఆనించుకుని చేస్తాం, మైక్రోస్కోప్ ఉంటుంది. అక్కడ రాదు."

"పోయిన చలికాలం సంది."

"అదే చెప్తున్నా. డిసెంబర్‌లో మానేస్తాను. నిజంగా. కొత్త కేసులు కూడా ఒప్పుకోవట్లేదు."

"మా బిడ్డ తన్మయి కంటి శుక్లం ఆపరేషన్ మొన్న ఎండాకాలంల చేసిన్రు మీరు."

"దాన్నీ దీన్నీ కలపకు. అది ఇన్ఫెక్షన్. ఆ కన్ను పోవడానికి కారణం నేను అప్పుడే చెప్పాను మీ ఇద్దరికీ."

"ఏం చెప్పిన్రు?"

"పద, వెలుతురుండగానే దీన్ని కోసి మూట కట్టాలి."

"ఏం చెప్పిన్రు అంకుల్? ఆపరేషనైనంక కంట్ల చుక్కలు టైముకి పడలేదన్నరు. అప్పటి సంది మా ఆమె రుచిత ఏ పూట మర్చిపోయిందో అని గుర్తు చేసుకుంటనే ఉన్నది. అన్నం ముందు కూసొని అదే, పిల్లకు జడ వేసుకుంట అదే. నేను గూడ తిట్టిన. ఆమెతోని మాట్లాడుడే బంద్ చేసిన. మీరు డాక్టరు కదా, మీ మాట నమ్మిన... ఒక్కటి చెప్పండి అంకుల్. చుక్కలు రుచిత సరిగ్గనే వేసింది కదా?"