మెయిలు కూతకు రాసిన జాతకం

1946 వేసవి చివర, గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్టు అరుగు మీద లెక్కల మాస్టారూ, చీరలు తెచ్చిన నేతగాడూ వాదించుకుంటున్నారు.

"మీ అబ్బాయి ఏడుకొండలు లెక్కల్లో స్కూలుకే మొదటివాడు. కాలేజీలో చేరడానికి రేపే ఆఖరు. మగ్గంలో కూర్చోబెట్టారేమండీ?"

"వాడి జాతకంలో చదువు లేదంట మాస్టారూ."

"ఇంగ్లండులో పెద్ద చర్చి ఉన్న లింకన్ అనే ఊళ్లో చెప్పులు కుట్టే ఆయన కొడుకు జార్జి బూల్. ఏ కాలేజీలోనూ చదవకుండానే లెక్కల ప్రొఫెసరయ్యాడు!"

"అయితే మావాడికీ కాలేజీ ఎందుకండీ?"

"ఆయనకు తండ్రే లెక్కలు నేర్పాడు. మీరు నేర్పుతారా?"

"భలేవారే! ఆయన జాతకం గొప్పదై ఉంటుందిలెండి."

"అక్కడ చెప్పులు కుట్టేవాళ్లు జాతకాలు రాయించరు. సరే, మీవాడు పుట్టిన వేళ గడియారంలో చూశారా?"

"మా పేటలో గడియారమెక్కడిదండీ? తెల్లవారుజామున మెయిలు రైలు కూసింది, అది రోజూ వచ్చే వేళే పుట్టిన వేళగా రాయించాం."

"ఆ రోజు మెయిలు వేళకే వచ్చిందా?"

"ఎక్కడండీ! కృష్ణ పొంగిన రోజులు. ముసురుకి పొద్దే కనపడలేదు. మెయిలు ఎప్పుడొచ్చేదో... అమ్మో! మాస్టారూ!"

"మరి ఆ జాతకం ఎవరిదండీ?"

"మెయిలుదండీ, మావాడిది కాదు! లేవండి, ముందు వాణ్ణి మగ్గం గుంటలోంచి లేపుదాం!"