దయ్యానికి జావ పోసిన పేజీ

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులైన మా ప్రధానోపాధ్యాయులు రామకృష్ణ గారికి, తోటి ఉపాధ్యాయులకు, పనులు మానుకుని గూడేల నుంచి వచ్చిన పెద్దలకు, వెనక బెంచీల్లో సైగలు చేసుకుంటున్న ఏడో తరగతి వీరులకు ఈ రిబ్కా టీచర్ నమస్కారాలు. (నవ్వులు)

ఇరవై రెండేళ్లు ఇక్కడ తెలుగు చెప్పాను, లైబ్రరీ బీరువా తాళం కూడా నా కొంగుకే ఉండేది. ఆడపిల్లలు అడిగి మరీ చదివేవారు, మగపిల్లలకు మాత్రం ఆ బీరువా కంటికే ఆనేది కాదు. నీతికథలు ఇస్తే విసురుకోవడానికి పనికొచ్చాయి. దయ్యాల కథలైతే చదువుతారని ఎవరో అంటే, గట్టిగా ప్రార్థన చేసుకుని (పాస్టరు గారు ముందు వరుసలోనే ఉన్నారు, క్షమించాలి) ఖమ్మం పోయి పాత పుస్తకాల కొట్లో సంచీడు కొనుక్కొచ్చాను. అన్నింట్లోనూ మేడల్లో, నిలువుటద్దాల ముందు తిరిగే దయ్యాలే. మా వాళ్లు పడీ పడీ నవ్వారు. ఇంటి పక్క చేలోకి ఎలుగుబంటి వచ్చిపోయే పిల్లలు వాటికేం భయపడతారు?

ఒక్క పుస్తకం మాత్రం నిలబడింది. అందులో దయ్యం అడవి అంచున ఉన్న గుడిసె తలుపు తడుతుంది. దానికోసం కొట్టుకున్నారు. తీరా చూస్తే చివరి పేజీ లేదు. కొనేటప్పుడు చూసుకోకపోవడం నా పొరపాటే. తలుపు తీశారా లేదా అని వారం రోజులు నా ప్రాణం తోడేస్తే, మీరే రాసుకోండి పొమ్మన్నాను.

పరీక్షలో కూడా పేరు తప్ప ఏమీ రాయని బొజ్జయ్య నాలుగు రోజులు అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక పేజీ రాసుకొచ్చాడు. గుడిసెలోని తల్లి తలుపు తీసి, తిన్నవా అని దయ్యాన్ని అడిగి, జావ పోసిందట. అది తాగి వెళ్లిపోయిందట. ఇదేం దయ్యం కథరా అన్నాను.

"మా ఇంటికి ఎవరొచ్చినా గట్లనే అడుగుతరు టీచర్. ఆకలైతనే గద అది తలుపు కొట్టింది," అన్నాడు.

ఆ పేజీని అన్నం మెతుకులతో పుస్తకానికి అంటించాను. ఆ తర్వాత ఎందరో దాన్ని బొజ్జయ్య పేజీ కోసమే తీసుకెళ్లారు.

ఇన్నాళ్లూ చెప్పని మాటొకటుంది. తర్వాత నాకు పూర్తి పుస్తకం దొరికింది. అసలు ముగింపులో దయ్యం ఇంటిల్లిపాదినీ చంపేస్తుంది. ఆ పూర్తి ప్రతిని బడికి తేలేదు. బొజ్జయ్యా, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డావు కదా, ఇప్పుడు విద్యా వాలంటీరువి, నువ్వే చెప్పు, ఎవరి ముగింపు మంచిది?

నిన్న నేను చార్జి అప్పజెబుతుంటే, చిరిగిందని బొజ్జయ్య పేజీ ఉన్న ఆ పుస్తకాన్ని, పారేసేవాటి కొట్టివేత జాబితాలో రాశారు. నియమం ప్రకారం సరైనదే. అయినా రామకృష్ణ గారూ, కావాలంటే ఈ శాలువా తీసుకోండి, ఆ పుస్తకాన్ని ఉంచండి. తల ఊపితే చాలదు సార్, ఆ వరుస ఇప్పుడే కొట్టేయండి. (నవ్వులు, చప్పట్లు. ప్రధానోపాధ్యాయులు కలం తీశారు.)

సంతోషం. నాగలక్ష్మి టీచర్, ఇక లైబ్రరీ మీదే, ఇదిగో తాళంచెవి. బీరువా దగ్గరికి ఏ పిల్లవాడైనా వచ్చి నిలబడితే, ఏం పుస్తకం కావాలని తర్వాత అడగండి, ముందు తిన్నావా అని అడగండి. అది నాకు ఈ బడిలోనే వచ్చిన చదువు. మీ అందరికీ రుణపడి ఉంటాను. సెలవు.