ఏడవనందుకు స్టార్

పిల్లలంతా వెళ్లిపోయాక, నర్సరీ గదిలో బొమ్మలు సర్దుతున్న టీచర్ ముందుకు ఒక తల్లి వచ్చి నిలబడింది.

"పాప చేతినిండా గోళ్ల గాట్లే మేడమ్. ఎవరు గిచ్చారంటే నోరు విప్పదు."

"పక్కన కూర్చునే బాబండీ. ఇంట్లో వాళ్లన్న వాణ్ణి కుళ్లబొడుస్తాడు. ఆ కసి వీడిక్కడ తీర్చుకుంటాడు."

"మరి వాణ్ణి ఇంకోచోట కూర్చోబెట్టచ్చుగా?"

"ఎవరి పక్కన కూర్చోబెట్టినా బడి దద్దరిల్లేలా ఏడుస్తున్నారు. మీ పాప బంగారం, కిక్కురుమనదు. ఇంతమందికి నేనొక్కదాన్ని, నన్నేం చెయ్యమంటారు?"

"అంటే, ఏడవదని నా పిల్లని వాడికి అప్పజెప్పేశారా?"

"అంత మాటనకండి. ఓర్చుకున్నందుకు రోజూ దాని చేతిమీద స్టార్ కూడా వేస్తున్నాను."

"ఆ స్టార్ చూసి నేనూ మురిసిపోయాను మేడమ్. స్నానం చేయించేటప్పుడు కూడా దాన్ని కడగనివ్వదు. అదెందుకిచ్చారో ఇవాళ పొద్దున తెలిసింది."

"ఏమైందండీ?"

"ఉయ్యాల్లో మా చంటాడి తొడ కమిలిపోయి ఉంది. ఇది ఒక చేత్తో వాణ్ణి గిచ్చుతూ, ఇంకో చేత్తో నోరు మూసి, 'ఏడవకు నాన్నా, ఏడవకపోతే స్టార్ వేస్తా' అంటోంది."