మూడు కోకల దొరసాని

పేరయ్యని నూకాలు ఇంట్లోకి రానివ్వలేదంట! మూడేళ్ళు ఓడమీద పనిచేసి, కాకినాడ రేవులో దిగి, పెట్టె నెత్తినెట్టుకుని పెళ్ళాం కోసం పరుగెత్తుకొచ్చినోడి మొహానే తలుపేసేసింది. ఏమైందంటే, ఈ పేరయ్య ఫ్రాన్సు దేశం రేవు నుంచి మూడు ఉత్తరాలేశాడు. లోపలేముందో పోస్టు బంట్రోతు చదివి చెప్పాడనుకో, కులాసాగా ఉన్నాను, అంతే. కానీ పైనంటించిన తపాలా బిళ్ళ చూడ్డానికి బంట్రోతెందుకు? మూడిటి మీదా ఒకత్తే ఆడమనిషి! జుట్టు ఎగరేసుకుని, చంకన సంచీతో. ఒకదాని మీద ఎర్రకోక, ఒకదాని మీద పచ్చకోక, ఇంకోదాని మీద నీలంకోక! మన బిళ్ళ మీద రాజుగారి తలకాయ ఉంటది కదా, ఆయన నిజం మనిషే కదా, మరి ఈవిడా నిజం మనిషేగా అనుకుంది నూకాలు. నవ్వకే పిల్లా, నువ్వైతే ఏమనుకుందువు?

"దానికి మూడు కోకలు కొంటావా? నన్ను మర్చిపోయి కులాసాగా ఉంటావా? ఎళ్ళు, దాని దగ్గరికే ఎళ్ళు! రేపు మా అన్నయ్య బండి కట్టుకొస్తాడు, నేను పుట్టింటికి పోతున్నా, మళ్ళీ రాను" అని లోపల్నుంచి ఒకటే కేకలంట. పేరయ్య అరుగుమీద కూలబడ్డాడు, ఏడుపొక్కటే తక్కువ. ఒసే నూకాలూ, నీమీదొట్టు, అదెవత్తో నాకు తెలవదే, పోస్టాఫీసులో ఏ బిళ్ళిస్తే అదంటించానే అంటాడు. వింటదా ఆవిడ?

ఇక లాభం లేదని భుజంగరావు మేష్టార్ని లాక్కొచ్చాడు. ఆయనకి దేశదేశాల బిళ్ళలు పోగేసే పిచ్చి. కిటికీలోంచి ఉత్తరాలు పుచ్చుకుని, భూతద్దం పెట్టి, అంచునున్న అక్షరాలు చూసి, "అమ్మా, ఈవిడ ఫ్రాన్సు దేశమమ్మా! వాళ్ళకి రాజు లేడు, అందుకని దేశాన్నే ఆడమనిషిలా గీసుకున్నారు. నెత్తిన టోపీ స్వతంత్రానికి గుర్తు. చల్లే విత్తనం రేపటి మంచికి గుర్తు. బిళ్ళ వెలని బట్టి రంగేస్తారు గానీ కోకలెక్కడివి?" అన్నాడంట. "దేశం జుట్టు విరబోసుకుని తిరుగుద్దా మేష్టారూ? మీరూ మగోళ్ళేగా, ఆయన్నే ఎనకేసుకొస్తారు" అంది నూకాలు. అని ఊరుకుందా? "ఏంటన్నారూ, విత్తనం చల్లుతుందా? ఏదీ, ఆ అద్దం ఇటివ్వండి" అంది.

ఇక్కడ వినాలి మీరు. ఆ చుట్టుపక్కల వరినారు పోసే ఆకుమడిలో విత్తనం చల్లాలంటే నూకాలు చెయ్యే పడాలనేవోళ్ళు. అంత మంచి చెయ్యి. అద్దంలోంచి చూసింది, చూసింది, మూడు బిళ్ళలూ తిప్పి తిప్పి చూసింది. కిసుక్కుమంది. "అయ్యబాబోయ్! జుట్టు ఎనక్కెగురుతోంది, కోకా ఎనక్కెగురుతోంది, గాలి ఎదురుకొడుతుంటే ఇది ముందుకి చల్లుతుందేంటండీ! నిజం మనిషైతే మొదటి గుప్పెడికే గింజలు కళ్ళల్లో పడి ఇటు తిరిగేది కాదూ! ఇది ఎవడో కుర్చీలో కూర్చుని గీసిన బొమ్మే!" అని ఒకటే నవ్వు. నవ్వలేక పొట్ట పట్టుకునే వచ్చి గడియ తీసింది. "రావయ్యా, కాళ్ళు కడుక్కో" అంది. పేరయ్య పెట్టె తెరిస్తే అందులో కోకుంది! పొద్దుట్నుంచీ చెబుదామనే చూస్తున్నాడు, చెప్పనిస్తేగా.

మరుసటేడు మా అమ్మ పుట్టింది. ఆయ్, ఆ నూకాలు మా అమ్మమ్మేనండి. ఆ బొమ్మ గీసిన దొరకి వ్యవసాయం రాకపోబట్టి నేనిక్కడ కూర్చుని వాగుతున్నాను. ఆ మహానుభావుడు గాలి చూసుకుని గీసుంటే నేనేవైపోదునో!