ఏ సంతోషం రాశావే?

పిడుగురాళ్ల సున్నపు బట్టీ నుంచి తండ్రి వచ్చేసరికి కూతురు ఒప్పుకుంటున్నట్టు రెండు ఇంగ్లీషు ఉత్తరాలు రాసి కూర్చుంది. ఒకటి మగపెళ్లివారికి, ఒకటి సీటిచ్చిన టీచరు ట్రైనింగు స్కూలుకి. పోస్టులో పడేది ఒకటే. ఏదన్నది ఆయనే తేల్చాలి. రెండిటికీ తెలుగులో అర్థం చెప్పించుకున్నాడు.

“రెండిట్లోనూ చానా సంతోషమనే రాశావుగా?”

“ఇంగ్లీషులో సంతోషాలు చానా రకాలు నాన్నా. ప్లీజ్డ్ అంటే గడపలోకొచ్చిన చుట్టాన్ని మర్యాదకి కూర్చోమన్నట్టు. హ్యాపీ అంటే కడుపునిండా తిన్నట్టు. డిలైటెడ్ అంటే ఎగిరి గంతేసినట్టు.”

“పెళ్లికొడుకోళ్లకి ఏది రాశావే?”

“ప్లీజ్డ్.”

రెండోది అడగక ముందే ఆయనకి తెలిసిపోయింది. అయినా అడిగాడు.

“స్కూలోళ్లకి?”

“డిలైటెడ్.”

ఆయన ఆరిపోయిన చుట్టను నోట్లో పెట్టుకున్నాడు.

“ఆ మర్యాద కాయితం ఇటియ్యి. దాంతో చుట్ట ముట్టించుకుంటా.”