ఇత్తడి రోలు చప్పుడు: ఆచార్య దౌలత్ అబ్దుల్ బారీ గారికి అభినందనం

పందొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం అక్టోబరు ఒకటవ తేదీన, నైలు మీది పొగమంచు ఇంకా వీడని ఉదయవేళ, దౌలత్ అబ్దుల్ బారీ గారు రషీద్ పట్టణంలోని మా నర్సింగ్, ప్రసూతి పరిచర్యా కళాశాలలో సహాయ బోధకురాలిగా ప్రవేశించారు. ఆనాడు సంతకం పెట్టడం సైతం మరచి, కంటికి కనిపించకుండా మంచులో సాగిపోతున్న పడవల చప్పుళ్లు వింటూ కిటికీ దగ్గరే నిలబడిపోయారని పాతతరం వారు చెప్పుకుంటారు. "ఈ పిల్ల కలల్లో తేలుతోంది, ఉద్యోగమేం వెలగబెడుతుందిలే" అని పెదవి విరిచిన వారందరూ పదవీ విరమణ చేసి ఎన్నడో వెళ్లిపోయారు. ఆ కిటికీ దగ్గర ఆవిడ మాత్రం ఈ నెల వరకూ ఉన్నారు.

తొలి సంవత్సరాలలో పురిటి గదిలో విద్యార్థినులకు పని నేర్పుతూ, మధ్యాహ్నాలు ఖర్జూర తోటల వెంబడి బాలింతల ఇళ్లన్నీ తిరిగి వచ్చేవారు. తోటి అధ్యాపకులు ప్రసవవేదన మీద, తల్లిపాల మీద పరిశోధనాంశాలు ఎంచుకొని నిశ్చింతగా ముందుకు సాగుతుండగా, దౌలత్ గారు ఎంచుకున్నది మన ఏడో రోజు వేడుకను. బిడ్డను జల్లెడలో పడుకోబెట్టి, చెవి దగ్గర ఇత్తడి రోలు మోగిస్తూ, "అమ్మ మాట విను, నాన్న మాట వినకు" అని ఆటపట్టిస్తాం కదా, ఆ చప్పుడుకు ఏ బిడ్డ ఉలిక్కిపడింది, ఏ బిడ్డ పడలేదు అన్నదే ఆవిడ ప్రశ్న. చప్పుడుకు చలించని బిడ్డను బుద్ధిమంతురాలని ముద్దాడే అలవాటు మనది. ఆ మురిపెంలోనే కొందరు పిల్లల చెవుడు ఏళ్ల తరబడి దాగిపోతోందని, మాట నేర్చే వయసు చేజారిపోతోందని ఆవిడ అనుమానం.

నాటి డీన్, దివంగత ఆచార్య వగ్దీ గారు ఆ ప్రతిపాదన చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారట. "వెల్లుల్లి దంచే రోలుకి డాక్టరేట్ ఇస్తారటమ్మా?"

"రోలుకి కాదండీ, వినే చెవికి."

"సరే సరే, వచ్చేవారం అధ్యాపక సభలో చూద్దాంలే."

ఆ వచ్చేవారం రాకముందే డీన్ గారి మనవరాలి ఏడో రోజు వచ్చింది. నది ఒడ్డున ఉన్న వారింట కొవ్వొత్తులు, పంచదార బాదంపప్పులు, గ్లాసుల నిండా పురిటింట పోసే వేడి పానీయం మొఘాత్, మిద్దె అదిరేలా ఆడవాళ్ల కిలకిలారావాలు. డీన్ గారి సతీమణి, హజ్ యాత్ర చేసి వచ్చిన హాజ్జా ఇనాయత్ స్వయంగా రోలు అందుకొని మోగించారు. జల్లెడలోని పసికందు కనురెప్ప కదల్చలేదు.

"చూశారా నా బంగారాన్ని! ఇంత బుద్ధిమంతురాలు ఈ వీధిలో పుట్టిందా?" అని హాజ్జా పొంగిపోయారు.

అందరూ చప్పట్లు కొడుతున్నారు. దౌలత్ గారి చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఈ ఒక్క పూటా నోరు మూసుకో, నీ చదువంతా ఆయన చేతిలో ఉంది అని మనసు బతిమాలింది. జల్లెడలోని పసిముఖం అంతకంటే గట్టిగా బతిమాలింది.

"హాజ్జా, అలిసిపోయి నిద్రపోయిందేమో, అంతే అయితే దేవుడికి దండం. కానీ ఒక్కసారి అలెగ్జాండ్రియా తీసుకెళ్లి చెవులు చూపించండి."

"అయ్యో అయ్యో! ఉప్పు చల్లండే ఎవరైనా! పండగ పూట నా ఇంటికొచ్చి, నా మొఘాత్ తాగి, నా మనవరాల్ని చెవిటిదంటుందా?"

"ఇంకా తాగలేదు హాజ్జా."

డీన్ గారు తలెత్తలేదు. "నీ పరిశోధన మా ఉయ్యాల దాకా తేకమ్మా దౌలత్" అన్నారు, అంతే. దిష్టికి చల్లిన ఉప్పు వీపు మీద పడుతుండగా గుమ్మం దాటిన ఆవిడ, తలగుడ్డలోంచి ఆ రవ్వలు దులుపుకుంటూ, దారంతా ఏడుస్తూ ఇల్లు చేరారు. ఆవిడ ప్రతిపాదన సభకే రాలేదు.

బిడ్డకు నలభయ్యో రోజు దాటిన ఒక మంచు ఉదయాన డీన్ గారే ఆవిడ గదికి నడిచి వచ్చారు. తువ్వాలులో చుట్టి తెచ్చింది బల్ల మీద పెట్టారు. ఇత్తడి రోలు.

"హాజ్జా చూడకుండా రోజూ పొద్దున్నే ఉయ్యాల వెనక నిలబడి కొడుతున్నానమ్మా. పిల్లి పారిపోయింది. పక్కింటివాళ్లు తిట్టిపోశారు. పిల్ల మాత్రం తల తిప్పట్లేదు." అంతటి మీసాల పెద్దమనిషీ బావురుమన్నారు. "ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు తల్లీ."

ఆవిడ ఒక్క మాట కూడా దెప్పలేదు. చేతిసంచీ తగిలించుకుని, "పదండి" అన్నారు. అలెగ్జాండ్రియాలో అనుమానం నిజమని తేలింది. అంత పసితనంలోనే తెలియడం వల్ల నెస్మా అనే ఆ పాపకు చెవికి యంత్రం అమరింది, మాట వచ్చింది. డాక్టరేట్ తరువాతి సంగతి, అదీ వచ్చింది. "రోలు మోగినప్పుడు బిడ్డ ఉలిక్కిపడిందా?" అన్న ప్రశ్న ఈనాడు మా మంత్రసానులు ఏడో రోజున ప్రతి గడపలోనూ అడుగుతున్నారు. సహాచార్యులుగా, ఆచార్యులుగా, విభాగాధిపతిగా దౌలత్ గారు అధిరోహించిన మెట్లన్నీ ఆ ప్రశ్న చేయిపట్టుకొని ఎక్కినవే. డీన్ గారు ఆ రోలును మళ్లీ అడగలేదు. అది ఆవిడ బల్ల మీదే ఉండిపోయింది.

మొన్నటి వీడ్కోలు సభకు, వినికిడి లేని పిల్లలకు మాటలు నేర్పే ఉపాధ్యాయినిగా నెస్మా వచ్చింది. ఉపన్యాసాలు సాగుతుండగా, యథాప్రకారం కిటికీలోంచి నది వైపు చూస్తూ పరధ్యానంలో ఉన్న దౌలత్ గారి వెనుకకు పిల్లిలా చేరి, రోలు ఠంగుమనిపించింది. ఆవిడ ఉలిక్కిపడి టీ అంతా ఒలకబోసుకున్నారు.

"హమ్మయ్య, వినబడింది! ఇంక విను పిన్నీ, ఇంటి మాట విను, కాలేజీ మాట వినకు!"

సభ ఘొల్లున నవ్వింది. దౌలత్ గారు వెనక్కి తిరిగి, ఆ అమ్మాయి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని, "ఏదీ, ఇంకోసారి చెప్పవే" అన్నారు. నెస్మా చెప్పింది. మళ్లీ చెప్పమన్నారు.

కొత్త జీవితపు ఏడో రోజు వేడుకలాంటి ఈ శుభవేళ, మా దౌలత్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, సుదీర్ఘ ఆయుష్షుతో, ఆ కిటికీని ఇంటికి మార్చుకొని పడవల చప్పుళ్లు తనివితీరా వినాలని ఆకాంక్షిస్తున్నాము. పొద్దెక్కే వరకూ హాయిగా నిద్రించాలని కూడా కోరుకుంటున్నాము. అయితే ఏ చప్పుడుకూ కదలకపోతే మాత్రం, ఆవిడ నేర్పిన పాఠం ప్రకారం, మేమందరం రోలు పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడతాము.