గేటు కాడ నీడ

హైటెక్ సిటీలో ఓ ఆఫీసు టవర్ గేటు, మే నెల మిట్టమధ్యాహ్నం. బోరబండ నుంచి వచ్చి ఆ గేటు కాసే సెక్యూరిటీ ఆమె, టవర్ బాగోగులు చూసే మేనేజరు దొరికాడు కదా అని, ఈ మూడో ఎండాకాలం కూడా అదే మాట ఎత్తింది.

“సార్, గీడ జర రేకుల షెడ్డు ఏయించుండ్రి. పొద్దుగూకేదాక ఎండల నిలబడుడే అయితుంది.”

“ఎన్నిసార్లు చెప్పాలమ్మా? ఈ ఏడాది డబ్బులన్నీ వాతావరణం పనులకే.”

“నేను నిలబడేది గా వాతావరణంలనే గద సార్!”

“అబ్బా, అది కాదు. కార్లు నిలిపే చోట పైకప్పుగా సోలార్ పలకలు వేశామా? కాలుష్యం ఎంత తగ్గిందో పైవాళ్లకు చూపించొచ్చు. నీ రేకులతో ఏం తగ్గుతుంది చెప్పు?”

“కండ్లు తిరుగుడు తగ్గుతది. మొన్న నా జోడీ గార్డు గీడనే పడితే దవాఖానకు మోస్కపోయినం.”

“పాపం, నిజమే. కానీ అది రాయడానికి రిపోర్టులో గడి లేదమ్మా.”

“పోనీ, ఆ సోలార్ పలకల కింద స్టూల్ ఏస్కుంట.”

“అది కార్లు చార్జింగ్ పెట్టే చోటు. ఆ గొడవ తర్వాత చూద్దాం. ముందు ఈ బోర్డు పట్టుకో, రిపోర్టుకి ఫోటో కావాలి.”

బోర్డు మీద పచ్చటి అక్షరాలు: భూమిని చల్లగా ఉంచుదాం.

“ఆ పలకల నీడకు జరగాల్నా సార్?”

“వద్దొద్దు, ఎండలోనే బాగా వస్తుంది.”

ఆమెకు ఒళ్లు మండింది. బోర్డు ఎత్తి, నెత్తి మీద అడ్డంగా పెట్టుకుంది.

“అమ్మా, అక్షరాలు కనబడటం లేదు!”

“నీడైతే పడుతున్నది. తీస్కోండ్రి ఫోటో.”